ఇంజిన్ మార్చిన జీపు ఎందుకు లాగదు: అపోహలు – వాస్తవాలు

పెట్రోలు ఇంజిన్‌తో తయారైన జీపులో డీజిల్ ఇంజిన్ బిగించడం భారతదేశంలో కొత్త పని కాదు. విల్లీస్ నమూనాలో మహీంద్రా సంస్థ ఇక్కడ తయారుచేసిన పాత జీపుల్లో ఉన్నది 134 ఘనపుటంగుళాల, అంటే సుమారు 2.2 లీటర్ల హరికేన్ పెట్రోలు ఇంజిన్ కాగా, దాని తాగుడు భరించలేని యజమానులు ఆ స్థానంలో ట్రాక్టరు జాతి డీజిల్ ఇంజిన్లనో, మహీంద్రా వారే తరువాతి కాలంలో ప్యూజో లైసెన్సుతో వాడిన 2112 సి.సి. ఇంజిన్‌నో పెట్టించుకుంటూ వచ్చారు. మార్పిడి పూర్తయ్యాక ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుని, నిలబెట్టినచోట చక్కగా ఆడి, తీరా ఘాట్ రోడ్డుకో బురద దారికో చేరాక మొరాయించడం తరచుగా వినవచ్చే ఫిర్యాదే. ఈ విషయంలో షెడ్లలో స్థిరపడిన నమ్మకాలు చాలావరకు ఇంజిన్‌నో పంపునో దోషిగా నిలబెడతాయి. కానీ వేరే బండిలో బాగా పనిచేసిన ఇంజిన్ కొత్త బండిలో నీరసపడిందంటే, తప్పును ముందుగా వెతకవలసింది ఆ రెండింటినీ కలిపిన చోట్లలో, అంటే యాక్సిలరేటర్ తీగలో, ఇంధన గొట్టాల్లో, గాలి దారిలో, గేర్ల లెక్కలో.

అపోహ: పికప్ లేదంటే డీజిల్ చాలడం లేదన్నమాట, పంపు స్క్రూ తిప్పి నల్లపొగ వచ్చేదాకా పెంచాలి.

పాత జీపుల్లోని కార్బురేటర్ ఇంజిన్‌లో పెడల్ తొక్కితే తెరుచుకునేది గాలి దారి. గాలి ఎంత వెళితే దాని వెంట పెట్రోలు అంత వెళుతుంది. డీజిల్ ఇంజిన్‌లో సాధారణంగా గాలికి అలాంటి తలుపు ఉండదు. సిలిండరు ప్రతిసారీ పట్టినంత గాలిని పీల్చుకుంటుంది, పెడల్ నిర్ణయించేది అందులోకి చిమ్మే డీజిల్ పరిమాణాన్ని మాత్రమే. ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి లెక్క ప్రకారం సుమారు 14.5 కిలోల గాలి కావాలి. సిలిండరులో ఇంధనం, గాలి కలవడానికి దొరికే వ్యవధి అతి స్వల్పం కనుక ఆచరణలో అంతకంటే చాలా ఎక్కువే కావాలి. ఆ హద్దు దాటి చిమ్మిన ప్రతి చుక్కా సగం కాలి మసిగా బయటికి వస్తుంది కనుక, నల్లపొగ శక్తికి గుర్తు కాదు, శక్తిగా మారని డీజిల్‌కు గుర్తు. దానితోపాటు సైలెన్సర్ దారిలోకి వెళ్లే వాయువుల వేడి పెరిగిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ వేడి అలాగే నిలిచివుంటే పిస్టన్ తల కరగడానికీ, సిలిండర్ హెడ్ పగలడానికీ అవకాశం ఉంది.

అలాగని పొగను పట్టించుకోనక్కరలేదని కాదు. రోగనిర్ధారణకు పొగను మించిన చౌకైన పరికరం లేదు. ఎత్తు మీద పెడల్ పూర్తిగా తొక్కి పట్టినప్పుడు బండి లాగకపోగా నల్లపొగ వస్తుంటే, డీజిల్ అందుతోంది, గాలి అందడం లేదు, లేదా నాజిల్ సరిగా చిమ్మడం లేదు. బండి లాగకపోయినా పొగ అసలు రాకపోతే గాలి ఉంది, డీజిల్ రావడం లేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ, కళ్లు మండించే వాసన వస్తుంటే డీజిల్ కాలకుండానే పోతోంది కనుక టైమింగ్‌నో కంప్రెషన్‌నో అనుమానించాలి. నీలిపొగ అయితే ఆయిల్ కాలుతున్నట్టు. మెకానిక్ స్క్రూడ్రైవర్ తీయకముందే మరో మనిషిని బండి వెనక నడిపించి ఈ రంగును చూడవలసి ఉండగా, ఆ పని చేసే షెడ్లు అరుదు.

గాలి తక్కువైనట్టు తేలితే ముందుగా చూడవలసింది ఎయిర్ ఫిల్టర్‌ను. 2112 సి.సి. ఇంజిన్ 3000 ఆర్‌పీఎం వద్ద నిమిషానికి సుమారు 3,000 లీటర్ల గాలి పీలుస్తుంది. పైగా పెట్రోలు ఇంజిన్‌లా సగం పెడల్ మీద సగం గాలితో సరిపెట్టుకోదు. స్థలం కుదిరిందని చిన్న కారు ఫిల్టర్ డబ్బా తగిలించినచోట, లేదా వేడికి మెత్తబడి లోపలికి నొక్కుకుపోయే రబ్బరు గొట్టం వాడినచోట, నిలబెట్టి చూస్తే ఏ లోపమూ కనపడదు. ఎత్తయిన ప్రదేశం కూడా గాలిని తగ్గించేదే. విశాఖపట్నంలో పొగ అంచుదాకా పెంచిన పంపు, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయకు చేరేసరికి, గాలి సాంద్రత దాదాపు పదో వంతు తగ్గినందువల్ల, ఎవరూ ముట్టుకోకుండానే ఎక్కువ డీజిల్ చిమ్ముతున్న పంపు అవుతుంది.

అపోహ: పెడల్ నేలను తాకుతోంది కాబట్టి పూర్తి రేసు అందుతోంది.

కార్బురేటర్‌ను తిప్పడానికి అమర్చిన తీగ లేదా కడ్డీ కదిలే దూరమూ, డీజిల్ పంపు మీది లివర్ తిరగవలసిన దూరమూ ఒకటే అయివుండాలని లేదు. ఇంజిన్ ఆపి, ఒకరు పెడల్‌ను పూర్తిగా తొక్కి పట్టగా మరొకరు బానెట్ కింద చూస్తే, లివర్ తన గరిష్ఠ వేగపు స్టాప్ స్క్రూను తాకుతున్నదీ లేనిదీ కంటికే తెలుస్తుంది. మధ్యలో చిటికెన వేలు దూరేంత సందు మిగిలితే శక్తిలో చెప్పుకోదగ్గ భాగం ఆ సందులోనే పోతున్నట్టు. పొగ లేని నీరసానికి ఇంతకంటే సులభమైన కారణం లేకపోయినా, దీన్ని చూడకుండానే పంపును విప్పి క్యాలిబ్రేషన్‌కు పంపుతుంటారు.

అపోహ: కింద చుక్క కారడం లేదు కాబట్టి ఇంధన గొట్టాల్లో లీకు లేదు.

ట్యాంకు నుంచి పంపుదాకా ఉన్న గొట్టంలో డీజిల్‌ను నెట్టే ఒత్తిడి ఉండదు, లాగే పీడనం ఉంటుంది. అక్కడి సందుల్లోంచి డీజిల్ బయటికి కారడానికి బదులు గాలి లోపలికి దూరుతుంది. పాత పెట్రోలు జీపులోని సన్నని ఉక్కు గొట్టం, తుప్పుపట్టిన ట్యాంకు కుళాయి, రెండోసారి వాడిన రాగి వాషర్, వదులైన క్లిప్పు, వీటిలో ఏ ఒక్కటైనా ఇందుకు చాలు. తిరుగుగొట్టం సమస్య కూడా ఇక్కడే పుడుతుంది. డీజిల్ పంపు తనకు వచ్చిన ఇంధనంలో కొంతే ఇంజెక్టర్లకు పంపి, తనను తాను చల్లబరచుకోవడానికీ బుడగలను తరిమేయడానికీ మిగతాది ట్యాంకుకు తిప్పి పంపుతుంది. పాత కార్బురేటర్ జీపు ట్యాంకుకు అలాంటి గొట్టం లేకపోవడం వల్ల, పని తొందరగా ముగించాలనుకున్నవారు తిరుగుగొట్టాన్ని వచ్చే గొట్టానికే ఒక టీ జాయింటుతో కలిపేస్తారు. అప్పుడు వేడెక్కిన డీజిల్, దానిలోని గాలితో సహా, అక్కడికక్కడే తిరుగుతూ ఉంటుంది. పొద్దున బాగా నడిచిన బండి గంట తరువాత నీరసపడటానికి ఇది ఒక కారణం.

రోటరీ పంపుల్లో మరో చిక్కు ఉంది. పంపు లోపలి ఇంధన పీడనమే వేగంతోపాటు టైమింగ్‌ను ముందుకు జరుపుతుంది కనుక, గాలి దూరి ఆ పీడనం పడిపోతే టైమింగ్ కూడా వెనకబడుతుంది. అప్పుడు తెల్లపొగ చూసిన మెకానిక్ టైమింగ్ తప్పిందని పంపును తిప్పి, ఉన్న లోపానికి మరొకటి చేరుస్తాడు. తేల్చుకునే పరీక్ష మాత్రం సాదాది. పంపుకు ముందు ఒక జానెడు పారదర్శక గొట్టం పెడితే బుడగలు కనిపిస్తాయి. ఆ తరువాత బండి గొట్టాలను పూర్తిగా విడదీసి, శుభ్రమైన డీజిల్ నింపిన డబ్బాను ఇంజిన్‌కు, సైలెన్సర్ వేడికి దూరంగా, పంపుకంటే ఎత్తున గట్టిగా కట్టి, వచ్చే, పోయే గొట్టాలు రెండూ అందులోకే పెట్టి కొద్ది దూరం నడిపితే, శక్తి తిరిగి వచ్చినపక్షంలో ఇంజిన్‌కు, పంపుకు నిర్దోషిత్వం దొరికినట్టే.

అపోహ: టర్బో ఇంజిన్ మీది సన్నని గొట్టాలు లేకపోయినా నష్టం లేదు.

టర్బో ఉన్న ఇంజిన్లలో కొన్నిటికి పంపు తల మీద ఒక డయాఫ్రమ్ డబ్బా ఉంటుంది. టర్బో నెట్టిన గాలి పీడనం ఒక సన్నని గొట్టం ద్వారా అక్కడికి చేరినప్పుడే పంపు అదనపు డీజిల్‌ను వదులుతుంది. ఆ గొట్టం తగిలించడం మరచిపోతే గాలి పుష్కలంగా ఉన్నా ఇంజిన్ పొగ లేకుండా, శక్తి లేకుండా నడుస్తుంది. ఇందుకు విరుద్ధమైన తప్పు ఇంకా ప్రమాదకరం. కొన్ని పాత ఇన్‌లైన్ పంపుల గవర్నరు, అంటే ఇంజిన్ వేగాన్ని హద్దులో ఉంచే యంత్రాంగం, గాలి దారిలోని ఒక తలుపు కల్పించే వాక్యూమ్ మీద ఆధారపడుతుంది. డీజిల్‌కు గాలి తలుపు అక్కరలేదన్న సగం జ్ఞానంతో దాన్ని పీకేస్తే ఇంజిన్ అదుపు తప్పి పరుగెత్తవచ్చు.

అపోహ: డీజిల్‌కు టార్క్ ఎక్కువ, అది ఏ గేర్లతోనైనా సరిపెట్టుకుంటుంది.

టార్క్ అంటే తిప్పే బలం. శక్తి అంటే ఆ బలాన్ని ఎంత వేగంతో అందిస్తున్నదన్న లెక్క. 150 న్యూటన్ మీటర్ల టార్క్ 2000 ఆర్‌పీఎం వద్ద సుమారు 42 హార్స్‌పవర్ అయితే, అదే టార్క్ 4000 వద్ద 84 హార్స్‌పవర్ అవుతుంది. తక్కువ వేగంతో తిరిగే ఇంజిన్ పెట్టినప్పుడు గేర్లు మారకపోతే ఏమవుతుందో విల్లీస్ జీపులే చెబుతాయి. వాటి ఇరుసుల్లో తరచుగా కనిపించే క్రౌన్–పినియన్ నిష్పత్తి 5.38, పినియన్‌కు 8 పళ్లు, క్రౌన్‌కు 43 పళ్లు ఉండటం వల్ల షాఫ్టు 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 28 అంగుళాల వ్యాసమున్న టైరుతో టాప్ గేరులో 4000 ఆర్‌పీఎం వద్ద వేగం గంటకు సుమారు 100 కిలోమీటర్లు. గవర్నరు 3000 వద్దే ఆపేసే డీజిల్ ఇంజిన్ అయితే 75 మాత్రమే. డెబ్బయి అయిదు దాటడం లేదన్న యజమాని బండిలో జబ్బేమీ లేదు, అతనికి కావలసింది పంపు కాదు, వేరే క్రౌన్. 4.27 నిష్పత్తితో అదే ఇంజిన్ సుమారు 94 దాకా తీసుకెళుతుంది. ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో ముందు, వెనక ఇరుసులు రెండిటినీ ఒకేసారి మార్చాలి. ఒక్కదాన్నే మార్చి ఫోర్‌వీల్ వేస్తే అవి ఒకదానితో ఒకటి పెనుగులాడి ఏదో ఒకటి విరుగుతుంది.

పెద్ద టైర్లది ఇదే లెక్క. 31 అంగుళాల టైరు వేస్తే 5.38 కాస్తా 4.86తో సమానమై, రోడ్డు మీద 75 బదులు 83 వస్తుంది గానీ బురదలో, రాళ్లలో లాగే బలం ఆ మేరకు తగ్గుతుంది. స్పీడోమీటరు కూడా పదో వంతు తక్కువ చూపి అనుమానాన్ని పెంచుతుంది.

అపోహ: ఇంజిన్ మోత పెరుగుతోంది కానీ బండి కదలడం లేదు, ఇంజిన్‌లో బలం లేదు.

ఇది నీరసానికి సరిగ్గా వ్యతిరేక లక్షణం. పెట్రోలు ఇంజిన్ కోసం చేసిన క్లచ్ ప్లేటు డీజిల్ టార్క్‌ను పట్టలేక జారుతోంది, అంతే.

అపోహ: టైమింగ్ చెవితో పెట్టవచ్చు.

డీజిల్ చిమ్మే క్షణాన్ని పాత ఇన్‌లైన్ పంపుల్లో చుక్క ఆగే క్షణం చూసి, రోటరీ పంపుల్లో ప్లంజర్ లేచే ఎత్తును డయల్ గేజ్‌తో మిల్లీమీటరులో నూరో వంతు దాకా కొలిచి నిర్ణయిస్తారు. చెవికి ఇంపైన మెత్తని శబ్దం వెనకబడిన టైమింగ్‌ది కావడం మామూలే. ఆ మెత్తదనానికి మూల్యం శక్తి.

అపోహ: పాత ఇంజిన్ కదా, రింగులు పోయి ఉంటాయి, విప్పక తప్పదు.

తుక్కు దుకాణం నుంచి వచ్చిన ఇంజిన్ అరిగివుండవచ్చు, కానీ దాన్ని విప్పి కాక కొలిచి తెలుసుకోవాలి. గ్లో ప్లగ్ లేదా ఇంజెక్టర్ తీసిన రంధ్రంలో డీజిల్‌కు తగిన గేజ్ పెట్టి తిప్పితే, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ రకాన్నిబట్టి సుమారు 25 నుంచి 30 బార్ లేదా ఆపైన చూపుతుంది. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడాకే ప్రాధాన్యం ఎక్కువ. తక్కువ చూపిన సిలిండరులో కొద్దిగా ఆయిల్ పోసి మళ్లీ కొలిచినప్పుడు అంకె పెరిగితే అరుగుదల రింగుల్లో, పెరగకపోతే వాల్వుల్లోనో గాస్కెట్‌లోనో ఉన్నట్టు. ఆ ఆయిల్ నాలుగైదు చుక్కలకు మించకూడదు. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే చోటు చాలా తక్కువ కాబట్టి, అతిగా పోస్తే కనెక్టింగ్ రాడ్ వంగి, బాగున్న ఇంజిన్‌నే విప్పవలసి వస్తుంది.