మంచుకు లొంగని ఓడ – ఫ్రామ్

తడి పుచ్చగింజను రెండు వేళ్ల మధ్య పెట్టి గట్టిగా నొక్కి చూడండి. గింజ నలగదు, చటుక్కున జారి పైకి ఎగురుతుంది. ఖాళీ అగ్గిపెట్టెను అలాగే నొక్కితే? పక్కలు విరిగి నలిగిపోతుంది. ఈ తేడానే నమ్ముకుని 1893లో 13 మంది ఉత్తర ధ్రువ సముద్రంలోకి బయలుదేరారు. వారి ఓడ పేరు 'ఫ్రామ్'. నార్వే భాషలో ఈ మాటకు 'ముందుకు' అని అర్థం.

ఆర్కిటిక్ మహాసముద్రం మీద మంచు పలకలు తేలుతూ ఉంటాయి. గాలులు, ప్రవాహాలు వాటిని కదిలిస్తుంటాయి. వాటి మధ్య ఇరుక్కున్న ఓడ అడకత్తెరలో పోకచెక్కే. 1881లో 'జానెట్' అనే అమెరికా ఓడ సైబీరియాకు ఉత్తరాన ఇలాగే నలిగి మునిగిపోయింది.

మూడేళ్ల తరువాత ఒక వింత జరిగింది. ఆ ఓడలోని కాగితాలు, బట్టలు ఎక్కడో దూరాన గ్రీన్‌లాండ్ నైరుతి తీరంలో దొరికాయి. అవి అక్కడికి ఎలా వచ్చాయి? మంచే సముద్రం ఆ చివరి నుంచి ఈ చివరికి మోసుకొచ్చి ఉండాలని నార్వే వాతావరణ శాస్త్రజ్ఞుడు మోన్ భావించాడు. ఫ్రిట్యోఫ్ నాన్సెన్ అనే యువ శాస్త్రజ్ఞుడు మరో అడుగు ముందుకు వేశాడు. ఓడను కావాలనే మంచులో ఇరికిస్తే, అది కూడా ధ్రువం వైపుగా కొట్టుకుపోతుంది కదా! ఇది ప్రాణాలు తీసుకోవడమేనని అమెరికా అన్వేషకుడు గ్రీలీ విమర్శించాడు.

మరి ఓడ నలగకుండా ఉండేదెలా? నిట్టనిలువు గోడను మంచు నొక్కితే బలమంతా లోపలికే పనిచేస్తుంది. వాలుగా ఉన్న గోడను నొక్కితే బలంలో కొంత భాగం ఓడను పైకి నెడుతుంది. అందుకే ఓడల నిర్మాత కాలిన్ ఆర్చర్ ఫ్రామ్‌ను కొబ్బరిచిప్పలా గుండ్రంగా కట్టాడు. పొడవు 39 మీటర్లు, వెడల్పు 11 మీటర్లు. పక్కల మందం 70 సెంటీమీటర్ల పైమాటే. లోపల అడ్డదూలాలు బిగించారు. మంచు తగిలి విరగకుండా చుక్కానిని, నీటిలో తిరిగే ప్రొపెల్లర్‌ను పైకి లాగే ఏర్పాటు చేశారు. విద్యుద్దీపాల కోసం గాలిమర పెట్టారు. గుండ్రని ఆకారం వల్ల ఒక చిక్కు కూడా వచ్చింది: మంచు లేని సముద్రంలో ఓడ విపరీతంగా ఊగేది!

1893 సెప్టెంబరులో ఫ్రామ్ మంచులో చిక్కుకుంది. 1895 జనవరిలో అసలు పరీక్ష ఎదురైంది. కొండలా పేరుకున్న మంచు ఓడ పక్కకు చేరి పైకి విరుచుకుపడింది. నావికులు ఆహారాన్ని మంచు మీదికి చేర్చి, ఓడను వదలడానికి సిద్ధమయ్యారు. చివరికి ఫ్రామ్ పట్టు విడిపించుకుని పైకి లేచింది!

అయితే ఓడ ధ్రువం మీదుగా పోవడం లేదని నాన్సెన్ గ్రహించాడు. 1895 మార్చిలో యోహాన్సెన్‌తో కలిసి కుక్కబండ్లతో ధ్రువానికి బయలుదేరాడు. 86 డిగ్రీలు దాటాక వెనుదిరగక తప్పలేదు. ఫ్రామ్ 1896 ఆగస్టులో స్పిట్స్‌బెర్గెన్ సమీపాన మంచు నుంచి బయటపడింది. 13 మందీ క్షేమంగా ఇల్లు చేరారు.

వారు తెచ్చిన విజ్ఞానం తక్కువది కాదు. ఆ సముద్రం లోతు తక్కువని అంతకుముందు అనుకునేవారు. తీసుకెళ్లిన తాడు అడుగును అందకపోవడంతో, ఓడలోని ఉక్కుతాడు పురులు విప్పి పొడవైన తాడు పేనారు. లోతు 3,000 మీటర్లకు పైగా తేలింది! మంచు గాలి వీచే దిక్కుకు కాస్త కుడివైపుగా కదులుతోందని కూడా గమనించారు. భూభ్రమణమే దీనికి కారణమని స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఎక్‌మన్ తరువాత గణితంతో వివరించాడు.

ఫ్రామ్ ప్రయాణం అక్కడితో ఆగలేదు. 1898 నుంచి 1902 వరకు కెనడా ఉత్తర దీవుల అన్వేషణకు తోడ్పడింది. అముండ్‌సెన్ బృందాన్ని అంటార్కిటికాకు చేర్చింది కూడా ఈ ఓడే. ఆ బృందం 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువాన్ని చేరింది.

నేడు ఫ్రామ్ ఓస్లో నగరంలోని మ్యూజియంలో ఉంది. నాన్సెన్ పద్ధతి మాత్రం ఇంకా పాతబడలేదు. 2019లో జర్మనీ పరిశోధన ఓడ 'పోలార్‌స్టెర్న్' కూడా కావాలనే మంచులో చిక్కుకుని, నెలల తరబడి దానితోపాటు సాగింది. నాన్సెన్ కాలానికీ ఇప్పటికీ ఆ మంచు ఎంతో పలచబడింది. అలా ఎందుకు జరుగుతోందో తెలుసుకోవడానికే ఆ ప్రయాణం.