ద్రాక్షసీమలో ధర్మార్థ సైకిలు యాత్ర

సెప్టెంబరు నెల వచ్చినచో కాలిఫోర్నియా యందలి సోనోమా మండలములోని ద్రాక్షకాపునకు ఊపిరి సలుపదు. ఆ మండలమున సుమారు 60,000 ఎకరముల ద్రాక్షతోట కలదు. పండు చల్లగా నుండగనే కోయవలెనని అర్ధరాత్రమున దీపములు వెలిగించి కోతలు సాగింతురు. తెల్లవాఱునప్పటికి పండ్ల లారీలు ఇరుకు బాటలపై తిరుగుచుండును. సరిగా ఈ నెలలోనే, ఆ బాటలమీదనే, స్త్రీపురుషులు గుంపులుగా సైకిళ్లపై బయలుదేఱి, పందెమునకు గాక, రోగుల నిమిత్తము విరాళములు కూర్చుటకై యాత్ర చేయు వాడుక యేర్పడినది. దానికి 'వేవ్స్ టు వైన్' అని పేరు. అనగా అలలనుండి ద్రాక్షాసవమువఱకు. శాన్‌ఫ్రాన్సిస్కో సముద్రతీరమున మొదలై సోనోమా తోటలకు చేరుటచే ఆ పేరు వచ్చినది. మొదటి దినము కొండదారులు, దూరము, ఆయాసము. రెండవ దినము తోటల నడుమ తీరికగా చుట్టివచ్చుట. ఈ రెండవ దినమునుగూర్చియే మేము వ్రాయబూనితిమి.

ఈ యాత్ర జరుపునది మల్టిపుల్ స్క్లెరోసిస్ అను వ్యాధికై పాటుపడు జాతీయ సంఘము. 1946లో సిల్వియా లారీ అను నామె తన సోదరుని వ్యాధి చూచి తాళలేక దీనిని స్థాపించినది. విద్యుత్తు తీగపై రబ్బరు తొడుగు ఎట్లో మన నరములపై అట్టి పొర యొకటి కలదు. ఈ వ్యాధియందు దేహరక్షణకై యున్న శక్తియే తిరుగబడి ఆ పొరను కొఱికివేయును. అంతట చూపు మందగించుట, కాళ్లు తడబడుట, మితిమీఱిన అలసట సంభవించును. సంఘము పుట్టిన నాడు దీని వేగమును తగ్గించు మందొకటియు లేదు. మొదటిది అమెరికాలో 1993లోగాని అనుమతి పొందలేదు. సంఘమువారు 1980నుండి సైకిలు యాత్రలు నడుపుచున్నారు. ఇంతవఱకు వీనివలన వచ్చిన మొత్తము నూఱుకోట్ల డాలర్లకు మించినది.

ఇంత ధనము సైకిలు త్రొక్కుటచే ఎట్లు వచ్చునని మన సభ్యులు అడుగవచ్చును. త్రొక్కుటవలన రాదు, అడుగుటవలన వచ్చును. యాత్రలో చేరువాడు కొంత రుసుము చెల్లించి, ఇంత మొత్తమునకు తక్కువ గాకుండ విరాళము తెత్తునని ఒప్పుకొనవలెను. పిమ్మట అతడు తన బంధువులను, తోడి ఉద్యోగులను, ఇరుగుపొరుగువారిని యాచించును. ఎక్కడనో యున్న సంఘము కోరినచో పది డాలర్లు ఈయనివాడు, ఎదుటనున్న మిత్రుడు 'నేను నీ పేర ఇన్ని మైళ్లు త్రొక్కెదను' అన్నచో యాబది ఇచ్చును. మన పరపతి సంఘములలో ముఖపరిచయముగల పొరుగువాని జామీను ఏ పని చేయుచున్నదో ఇచ్చట ఈ సైకిలు ఆ పనియే చేయుచున్నది. తేలికగా సాగవలసిన దినమును పందెముగా మార్చకుండుటకును ఇదియే హేతువు. ముందు చేరినవానికి బహుమానము పెట్టినచో బలిష్ఠులు మాత్రమే వత్తురు. చందాదారులు గల సామాన్యులు ఇంటనే నిలిచిపోదురు.

కావున దారులను పొట్టివి, పొడుగువి అని పలు విధములుగా ఏర్పఱతురు. కొన్ని మైళ్లకొకచోట నీరు, అరటిపండ్లు, ఉప్పు బిస్కత్తులు పెట్టిన పందిళ్లు ఉండును. అలసినవానిని, చక్రము చెడినవానిని ఎక్కించుకొనుటకు మోటారుబండ్లు వెనుక తిరుగుచుండును. బండి యెక్కినవానిని ఎవ్వరు నెగతాళి చేయరు. ఆ వ్యాధిగలవారు సైతము కొందఱు త్రొక్కుదురు. వారు ధరించు చొక్కాపైననే 'నేను ఈ వ్యాధితోనే త్రొక్కుచున్నాను' అని వ్రాసియుండును.

ఇచ్చట ప్రకృతి సాయ మొకటి చెప్పదగినది. ఈ వ్యాధిగలవారికి వేడి సరిపడదు. దేహము వేడెక్కినకొలది లక్షణములు ముదురును. సోనోమాలో పసిఫిక్ సముద్రపు పొగమంచు కొండల సందులగుండ ప్రవేశించి రష్యన్ రివర్ లోయను ఉదయమున కప్పివేయును. ఎండ కోర్వలేని పీనో న్వార్ ద్రాక్ష అచ్చట చక్కగా పండుట ఈ మంచువలననే. ఉత్తరమున డ్రై క్రీక్ లోయలో ఎండ హెచ్చు. అచ్చట జిన్‌ఫాండెల్ పేరుగన్నది. ఉదయమే బయలుదేఱి ఎండ ముదురకముందే చేరుట రోగికిని మేలు, పండ్లు మోయు లారీవానికిని మేలు. 2014నుండి ఆ రాష్ట్రమున మోటారుబండి సైకిలును దాటునపుడు మూడడుగుల ఎడము వదలవలెనని శాసనము కలదు. ఇరుకు బాటపై ఎడము దొరకనిచో లారీవాడు వేగము తగ్గించి ఆగవలసినదే. కోతదినమున ఒక్క గడియ ఆగుట కాపున కెంత కష్టమో మాకు తెలియును. అందుచేతనే ఒకరివెనుక నొకరుగా పొండని సవారీలకు పదేపదే చెప్పుదురు.

కాపునకు ఇంకొక భయము కలదు. వేళ్లను పీల్చి చంపు ఫిలోక్సెరా అను పురుగు కాలిఫోర్నియాలో మొదట 1873లో సోనోమాలోనే కనబడినది. అంటుకు ఆధారముగ అమెరికా ద్రాక్షజాతి వేరుమొక్కలను వాడి దానిని నిలిపిరి. కాని ఏఎక్స్ఆర్-1 అను సగము ఐరోపా రక్తముగల వేరుమొక్కను విరివిగా నాటుటచే, 1980ల దశకమున ఆ పురుగు మరల విజృంభించి వేలకొలది ఎకరములు పెఱికివేయవలసి వచ్చెను. పనిముట్లకును చెప్పులకును అంటిన మట్టితో ఈ పురుగు ఒక తోటనుండి వేఱొక తోటకు పోవును. కావున ఫోటో తీయించుకొనుటకని సాళ్లలోనికి సైకిలు నడిపించుకొని పోవుట అతిథి చేయదగిన పని కాదు. మన దక్కను ద్రాక్షతోటలలోను డాగ్‌రిడ్జ్ అను అమెరికా వేరుమొక్కనే వాడుచున్నారు. అయితే అది పురుగునకు గాక, ఉప్పునేలకును నీటి ఎద్దడికిని ఓర్చుకొనునని.

మేము ఏండ్ల తరబడి విత్తనపు సంచులు కట్టుకొని పల్లెలు తిరిగినది సైకిలుమీదనే. మా చక్రములకు పరమశత్రువు పల్లేరుకాయ. ఆ పల్లేరే కాలిఫోర్నియాలోను సైకిళ్ల గాలి తీయుచున్నదని తెలిసి మాకు నవ్వు వచ్చెను. 1961లో అచ్చటివారు ఇటలీనుండి రెండు జాతుల ముక్కుపురుగులను తెచ్చి దానిపై విడిచిరి. ఒకటి గింజను, రెండవది కాడను తొలుచును. అయినను పల్లేరు పూర్తిగా పోలేదు. సవారీలు నేటికిని గాలిపంపు వెంట తీసికొనియే పోవుదురు.

ద్రాక్షాసవముమాట యెత్తక తప్పదు. మేము దానికి వకాల్తా పుచ్చుకొనుట లేదు. ఆ సీమ కాపులకు అది జీవనాధారము, మన చెఱకుకాపునకు బెల్లమువంటిది. త్రాగి సైకిలు త్రొక్కుట మాత్రము కాలిఫోర్నియా శాసనమున నేరము. 250 డాలర్లవఱకు జుల్మానా కలదు. కావుననే దారిపొడవునను నీటి పీపాలుండును, విందు మాత్రము యాత్ర ముగియు చోటనే. సైకిలు గోడకు ఆనించిన పిదప త్రాగువారు త్రాగుదురు, తక్కినవారు చన్నీళ్లతో కాళ్లు కడుగుకొని ఇంటికి పోవుదురు.