తెర నల్లబడిందా? ఫార్మాట్ కొట్టేయకండి!

వనస్థలిపురంలో రూమ్ తీసుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు తిరుగుతూ ఉద్యోగం వెతుక్కుంటున్నారా? ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకున్నారా? అయితే ఈ అనుభవం మీకూ ఎదురుకావచ్చు. రాత్రి అప్‌డేట్ ఇచ్చి పడుకుంటారు. తెల్లారి ఆన్ చేస్తే తెరంతా నలుపు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టేమో అందులోనే ఉంది. రూమ్మేట్ సలహా సిద్ధం: 'ఫార్మాట్ కొట్టేయ్ రా!'

ఆ పని మాత్రం చేయొద్దు. 'అప్‌డేట్ తర్వాత మెషీన్ పైకి రాలేదు. ఏం చేస్తావ్?' లినక్స్ అడ్మిన్, టెక్ సపోర్ట్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు సిద్ధంగా ఉండాల్సిన ప్రశ్న ఇది. దానికి ప్రాక్టికల్స్ ఇప్పుడు మీ ఒళ్లోనే ఉన్నాయి.

ముందు ఒకటి తేల్చుకోండి. ఆగిపోయింది లినక్సా, తెర మాత్రమేనా? కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. లాగిన్ అడిగితే లోపల సిస్టమ్ నడుస్తున్నట్టే. గొడవంతా గ్రాఫిక్స్‌తోనే. ముందుగా ప్రాజెక్టును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

తర్వాత రీస్టార్ట్ చేసి, కంపెనీ లోగో పోగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది. (కంగారులో టపటపా కొడితే మెనూ దాటిపోయి కమాండ్ లైన్‌లో పడతారు.) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్ ఎంచుకోండి. అది చక్కగా బూట్ అయిందంటే సగం కేసు తేలినట్టే. కొత్త కెర్నల్‌కు డ్రైవర్ మాడ్యూల్ సరిగా తయారు కాలేదేమో అని అనుమానించాలి. పాతదీ మొరాయిస్తే మెనూలో 'ఇ' నొక్కి, 'లినక్స్' అనే మాటతో మొదలయ్యే లైను చివర 'నోమోడ్‌సెట్' చేర్చి, ఎఫ్10 కొట్టండి. బొమ్మ మొరటుగా వచ్చినా పని నడుస్తుంది. ఇది ఆ ఒక్క బూట్‌కే. మందు కాదు, ఊపిరి తీసుకునే సమయం.

ఇక సాక్ష్యం చూడాలి. టెర్మినల్‌లో 'ఎల్‌ఎస్‌పీసీఐ -కె' కొడితే ఏ కార్డును ఏ డ్రైవర్ నడుపుతోందో చెబుతుంది. ఎన్‌విడియా కార్డు కింద డ్రైవర్ పేరే లేకపోతే సెక్యూర్ బూట్ సంగతి చూడండి. చాలామంది జారిపడేది ఇక్కడే. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అవగానే నీలం తెర వచ్చి 'ఎన్‌రోల్ మోక్' అంటుంది. అది వైరస్ అనుకుని 'కంటిన్యూ బూట్' నొక్కేస్తాం. సంతకం నమోదు కాని మాడ్యూల్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. ఆ కీని మళ్లీ నమోదు చేస్తే సరిపోతుంది.

డ్రైవర్ మళ్లీ వేయాల్సివస్తే ఎన్‌విడియా సైట్ నుంచి దించిన ఫైలు జోలికి పోకండి. తర్వాతి కెర్నల్ అప్‌డేట్‌కి అదే మళ్లీ తలనొప్పి కావచ్చు. 'ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్' కమాండ్‌ను సుడోతో ఇస్తే చాలు.

ఈ కార్డులతో చిరాకు మనకొక్కరికే కాదు. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీ వేదిక మీదే ఎన్‌విడియాపై మండిపడ్డారు. ఆ కంపెనీ కెర్నల్ మాడ్యూళ్ల సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది 2022లో.

తెర వెలిగాక నోట్‌బుక్ తీసి నాలుగు ముక్కలు రాసుకోండి: ఏం కనిపించింది, అంతకుముందు ఏం మారింది, ఏ కమాండ్ ఏం చెప్పింది, చివరికి దేనితో కుదిరింది. 'లినక్స్ తెలుసా?' అని ఇంటర్వ్యూలో అడిగితే ఆ పేజీ వరుసలోనే చెప్పేయండి.