పన్ను మనది, పద్దెవరిది?

బెంగుళూరు నగరమునకు 2015 ఆగస్టు 22వ తేదీన పురపాలక ఎన్నికలు జరిగినవి. ఆనాడు ఎన్నికైన సభ గడువు 2020 సెప్టెంబరు 10వ తేదీతో తీరినది. అది మొదలు 2025 సంవత్సరము ముగియువరకును ఈ మహానగరమునకు ప్రజలెన్నుకొన్న సభయే లేకపోయెను. పన్నులు మాత్రము ఆగలేదు. 2024-25లో ఆస్తిపన్ను రూపమున సుమారు 4,900 కోట్ల రూపాయలు వసూలైనవి. 2025 మార్చిలో అధికారులు సుమారు 19,900 కోట్ల రూపాయల బడ్జెటును ప్రకటించిరి. అందలి యొక్క పద్దుపైనను ఔననుటకుగాని, కాదనుటకుగాని ప్రజాప్రతినిధి యొక్కడును లేడు. స్వరాజ్యము వచ్చి డెబ్బదియేండ్లు దాటిన దేశమున ఇది ఉపేక్షింపదగిన విషయము కాదు.

ఈ విపరీతము హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో స్పష్టముగ గోచరించును. హోసూరు, సర్జాపురము రోడ్ల పేర్లనుండి తన పేరు తెచ్చుకొన్న ఈ పేట నేడు నూతన వ్యాపార సంస్థలకు ఆటపట్టు. ఇంజనీర్లు, వైద్యులు, లెక్కల నిపుణులు మొదలైన తెలుగువారు అనేకులిచట కాపురముండి, సంపాదించి, పన్ను చెల్లించుచున్నారు. ఏప్రిల్ నెలలోనే చెల్లించినవారికి మహానగర పాలిక నూటికి 5 వంతున తగ్గింపు నిచ్చుచుండుటచే ముందుగనే కట్టినవారును కలరు. కాని తమ వీథి మురుగుకాలువకు ఆ యేడు ఎంత సొమ్ము కేటాయించిరో, ఆ సొమ్ము ఎవరి యాజ్ఞచే మరియొక చోటికి మరలెనో నిలదీసి యడుగుటకు వారికి సభ లేకపోయెను.

తెలుగువారు దీనిని ప్రత్యేకముగ ఆలోచింపవలసిన కారణమొకటి కలదు. 1991లో ఆర్థిక సంస్కరణములను ఆరంభించిన పాములపర్తి వెంకట నరసింహారావుగారి ప్రభుత్వమే 1992 డిసెంబరులో రాజ్యాంగమునకు 74వ సవరణమును పార్లమెంటుచే అంగీకరింపజేసినది. అది 1993 జూన్ 1వ తేదీన అమలులోనికి వచ్చినది. మొదటి సంస్కరణము వ్యాపారికి లైసెన్సుల సంకెలను వదల్చినది. రెండవది పౌరునికి తన యూరి పాలనమున హక్కు నీయదలచినది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వంటి పేటల భాగ్యము మొదటిదాని ఫలమే. రెండవదాని ఫలము చాలవరకు కాగితముమీదనే నిలిచిపోయినది.

శాసనమున లోపమును లేకపోలేదు. సభ గడువు ఐదేండ్లనియు, అది తీరకమున్నే ఎన్నిక ముగియవలెననియు, ఐదేండ్లకొకమారు రాష్ట్ర ఆర్థికసంఘము నేర్పరచి పురపాలకముల భాగమును నిర్ణయింపవలెననియు అది విధించినది. కాని పన్నెండవ షెడ్యూలునందలి 18 విషయములను పురపాలకములకు అప్పగించుటను రాష్ట్రముల ఇచ్ఛకే విడిచినది. పన్నులు వేయు నధికారము సంగతియు అంతే. ఎన్నికలపట్ల 'వలెను' అన్న శాసనము అధికారములపట్ల 'వచ్చును' అన్నది. ఆ సందునబడి రాష్ట్రములు సర్వాధికారమును తమకడనే యుంచుకొన్నవి.

ఇక 'వలెను' అన్న మాటకైనను దక్కిన గౌరవమెంత? ఎన్నికలు జరుపుడని కర్ణాటక హైకోర్టు 2020 డిసెంబరు 4వ తేదీన ఆజ్ఞాపింపగా, ఆ నెలలోనే సుప్రీంకోర్టు దానిని నిలిపినది. ఆ పిమ్మట వార్డుల సంఖ్య 198 నుండి 243కు, మరల 225కు మారినది. 2025 సెప్టెంబరు 2వ తేదీన నగరమును ఐదు కార్పొరేషనులుగా విభజించి, వానిపైన ముఖ్యమంత్రి అధ్యక్షతన గ్రేటర్ బెంగుళూరు అథారిటీని నిలిపిరి. సరిహద్దులు గీచుచున్నంతకాలము ఎన్నికలు లేవు. ఎన్నికలు వలదన్నంతకాలము సరిహద్దులు గీయుట ముగియదు. వార్డుల విభజన మొదలైన సాకులతో గడువు దాటింపరాదని 2006లోనే కిషన్ సింగ్ తోమర్ వ్యాజ్యెమున సుప్రీంకోర్టు చెప్పియుండెను.

ఈ దోషము ఒక రాష్ట్రమునదిగాని, ఒక పక్షమునదిగాని కాదు. మన విశాఖపట్టణము 2012 నుండి 2021 వరకు ఎన్నికైన సభ లేకయే గడిపినది. చెన్నపట్టణము 2016 నుండి 2022 వరకును, ముంబయి 2022 మార్చి నుండి 2026 జనవరి వరకును అట్లే యుండినవి. ఏలిన పక్షములు వేరైనను నడవడి యొక్కటే. ఢిల్లీలో రాష్ట్రముల హక్కులకై కంఠమెత్తు నాయకుడు తన రాజధానికివచ్చి పురపాలకమునకు ఆ హక్కునే నిరాకరించుచున్నాడు.

ప్రజల యంగీకారములేని పురపాలక పన్ను ఎట్టిదో తెలుగువారు ఎరుగనిది కాదు. 1921లో చీరాల-పేరాల ప్రజలు తాము కోరని మునిసిపాలిటీని, దాని పన్నుల భారమును నిరాకరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరిబయట రామనగరమున పాకలు వేసికొని పదునొకండు నెలలు గడిపిరి. నేటి బెంగుళూరు పౌరుని సమస్య దానికి తలక్రిందు. పన్ను ఇచ్చుటకు అతడు సమ్మతించినాడు, పురపాలకము కావలెననుచున్నాడు. లేనిది దానియందు అతని మాట.

కౌన్సిలర్లు లంచగొండులు, అధికారుల పాలనమే మేలని కొందరు విద్యాధికులు వాదింతురు. కౌన్సిలరు చెడ్డవాడైనచో ఐదేండ్లకు దింపవచ్చును. బదిలీపై వచ్చి బదిలీపై పోవు అధికారిని దింపుటకు మనకే సాధనమున్నది? కాలనీ సంఘములే ఆ పని చేయుచున్నవని మరికొందరందురు. సంఘముల సేవ కొనియాడదగినదే. చెత్తను వేరుచేయుట, ఎరువు తయారించుట నేర్పు స్వచ్ఛాగ్రహ కలికా కేంద్రము వంటిది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో వెలయుట పౌరుల పట్టుదలకు నిదర్శనము. అయినను సంఘము సభ కాజాలదు. ఇల్లుగలవాని గొంతు అందు వినబడును, అద్దెకున్నవానిది సన్నగిల్లును, పాచిపనికి వచ్చు స్త్రీది వినబడనే వినబడదు.

ఆ వీథులనూడ్చు పౌరకార్మికుల సంగతియే తలచుకొనుడు. ఈ నగర పౌరకార్మికులలో పలువురు తెలుగు మాటలాడు దళితులు. ఖాయపు ఉద్యోగములకై వారు 2022 జులైలో సమ్మెచేసిరి. 2025 మే 1వ తేదీన 12 వేలకు పైగా కార్మికులకు నియామకపత్రములు లభించినవి. ఎన్నికైన సభ లేని కాలమున వారు వీథికెక్కియే తమ మాట వినిపింపవలసి వచ్చినది. మన భాషయే పలుకు ఆ శ్రామికులకును, అంతస్తుల మేడలలోని మనకును సమానమైనది వార్డు వోటొక్కటే.

ఆర్థికముగ చేయవలసిన సంస్కరణములు మూడు. వార్డుల విభజనాధికారమును ప్రభుత్వమునుండి తొలగించి రాష్ట్ర ఎన్నికల సంఘమునకు అప్పగింపవలెను. రాష్ట్ర ఆర్థికసంఘము నిర్ణయించిన భాగము మంత్రుల దయపై నాధారపడక నియతముగ పురపాలకమునకు చేరవలెను. ప్రతి వార్డు ఆదాయవ్యయములను ప్రజలకు తెలియునట్లు ప్రకటించి, వార్డు సంఘమున చర్చింపవలెను. పదునైదవ కేంద్ర ఆర్థికసంఘము 2021-26 కాలమునకు పట్టణ సంస్థలకు 1,21,055 కోట్లు సూచించుచు, తనిఖీయైన లెక్కలను ప్రకటించుట మున్నగు నియమములను పెట్టినది. మంచిదే. కాని ఆ లెక్కలను చదివి ప్రశ్నించు సభ్యులు లేనిచోట లెక్కలు కాగితములే యగును.

మన బాధ్యతయు కొంత కలదు. ఇచట ఇరువదియేండ్లుగ నివసించుచు వోటును మాత్రము స్వగ్రామమున నుంచుకొన్న తెలుగువారు తక్కువ కాదు. పన్ను రసీదు బెంగుళూరిది, వోటు గుంటూరుదో కర్నూలుదో యైనచో అడుగు హక్కును మనమే సగము వదలుకొన్నట్లు. వోటరుల పట్టికలో పేరు నమోదు చేయించుకొనుడు. వార్డు సంఘము కూడినపుడు పోయి కూర్చుండి బడ్జెటును చూపుమని యడుగుడు. తమ సంస్థల లెక్కలను పైసతో సహా సరిచూచు నిపుణులు తమ వీథి లెక్కను చూడలేకపోవుటకు కారణము కనబడదు.