పసిబిడ్డల చెవిపోటు

రాత్రివేళ పసిబిడ్డ జ్వరముతో గుక్కపట్టి యేడ్చుచు, చెవి లాగుకొనుచు, పాలు త్రాగక మొగము త్రిప్పుకొనుచున్నచో దిష్టి యని యూరకుండరాదు. నడిమి చెవిలో చీము పట్టుచుండవచ్చును.

ముక్కు వెనుకనుండి చెవిలోనికి సన్నని గొట్టమొకటి గలదు. శిశువులకది పొట్టిగను, అడ్డముగను ఉండుటచే జలుబు సులభముగ చెవికి ప్రాకును. వ్యాధి కర్ణభేరికి లోపలనుండును గావున పైనుండి పోసిన నూనెగాని, పిండిన చనుబాలుగాని దానిని చేరవు. భేరి చిల్లిపడియున్నచో అవి హానియే చేయును.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో వృద్ధస్త్రీలు కొందరు చుట్ట నిప్పువైపు నోటనుంచుకొని అడ్డపొగ త్రాగుట కలదు. ఆ పొగయు, కట్టెలపొయ్యి పొగయు బిడ్డల చెవిపోటును హెచ్చించును. బిడ్డ దాపుననున్నపుడైనను చుట్ట మానుడని అత్తగారిని మెల్లగా వేడుకొనుడు.

నొప్పికి వైద్యుడు బిడ్డ బరువునుబట్టి చెప్పిన మేరకు పారాసిటమాల్ ఇయ్యవలయును. 2 ఏండ్లలోపు బిడ్డను, చెవి కారుచున్న బిడ్డను జాగుసేయక వైద్యునకు చూపవలయును. చెవివెనుక వాచినచో వెంటనే ఆసుపత్రికి గొనిపొండు. వ్రాసియిచ్చిన మందును, నొప్పి తగ్గినదని నడుమ మానరాదు. 2021 నుండి దేశమంతట ఉచితముగ వేయుచున్న న్యూమోకాకల్ టీకాను 6వ, 14వ వారములందును, 9వ నెలయందును తప్పక వేయింపుడు. ఈ వ్యాధిని గలిగించు క్రిములలో నొకదానిని అది కొంతవరకు అరికట్టును.

చీము 2 వారములకు మించి కారుచున్నచో వినికిడి తగ్గును. మాటలు నేర్చుటయు ఆలస్యమగును. పిలిచిన పలుకని బిడ్డను మొండివాడని కసరకుడు. ముందు చెవి చూపింపుడు.