కృష్ణపట్నం నుండి చికాగోకు దగ్గరి దారి

నెల్లూరు జిల్లాలోని కృష్ణపట్నం రేవు 14.25 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.1 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. ఈ జిల్లా నుండి చదువులకై అమెరికా వెళ్ళేవారు అనేకులు. రేవు ఒడ్డున నిలబడి చికాగో నగరం ఏ దిక్కున ఉన్నదని అడిగితే, ఎవరైనా పడమరకే వేలు చూపుతారు. గోడమీది ప్రపంచ పటం నేర్పిన పాఠం అది. కాని అతి దగ్గరి దారి దాదాపు ఉత్తరానికి, కేవలం 11 డిగ్రీలు పడమరగా, బయలుదేరుతుంది. ఇది ఎట్లా సాధ్యం?

నారింజ తొక్కను చీలకుండా చదును చేయలేము. భూగోళాన్ని కాగితంపై దించినపుడూ ఇదే చిక్కు. 1569లో మర్కేటరు గీసిన పటంలో, ధ్రువాల వద్ద కలిసిపోవలసిన రేఖాంశాలు సమాంతరంగా నిలిచిపోయాయి. అందువలన 60 డిగ్రీల అక్షాంశం వద్ద ప్రదేశాలు రెట్టింపు వెడల్పుగా కనిపిస్తాయి. ఈ పటంలో గీసిన సరళరేఖ వెంట దిక్సూచి ఒకే కోణం చూపుతుంది. నావికులకు అది సౌకర్యమే, కాని అది దగ్గరి దారి కాదు.

గోళాన్ని కేంద్రం గుండా కోస్తే ఉపరితలంపై ఏర్పడే వృత్తమే మహావృత్తం. రెండు స్థలాల మధ్య అతి తక్కువ దూరం ఈ వృత్తం మీదనే ఉంటుంది. కృష్ణపట్నం, చికాగోలు భూకేంద్రం వద్ద 122.7 డిగ్రీల కోణం చేస్తాయి. ఒక్కొక్క డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున దూరం సుమారు 13,650 కిలోమీటర్లు. ఈ దారి కాశ్మీరు, మధ్య ఆసియా, ఉరల్ పర్వతాలు, ఆర్కిటిక్ సముద్రం, గ్రీన్‌లండు, కెనడాల మీదుగా పోతుంది. ఒకచోట ఉత్తర ధ్రువానికి 1,200 కిలోమీటర్లలోపుకు చేరుతుంది.

పటంలోని సరళరేఖ అరేబియా, సహారా ఎడారి, అట్లాంటిక్ మీదుగా సాగి 16,500 కిలోమీటర్లవుతుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో మొదటి దారికి 15 గంటల 10 నిమిషాలు, రెండవ దారికి 18 గంటల 20 నిమిషాలు పడుతుంది. మూడు గంటలకు పైగా ఇంధనం వృథా! కృష్ణపట్నంలో విమానాశ్రయం లేదు. అయితే 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాదు నుండి చికాగోకు ఎక్కడా ఆగని విమానాన్ని ప్రారంభించింది. ఆ రెండింటి మధ్య మహావృత్త దూరం సుమారు 13,280 కిలోమీటర్లు.

విమానం ఈ వృత్తాన్ని గీత గీసినట్లు అనుసరించదు. ఎదురుగాలిని తప్పించుకొనటానికి, మూసి ఉన్న గగనతలాన్ని చుట్టిపోవటానికి కొంత పక్కకు తిరుగుతుంది. ఎక్కటానికి, దిగటానికి కూడ కొంత కాలం చేరుతుంది.

గడియారం విషయంలోనూ జాగ్రత్త అవసరం. చలికాలంలో చికాగో కాలం మనకంటే పదకొండున్నర గంటలు వెనుక. ఇక్కడ ఉదయం 6కు బయలుదేరి 15 గంటల 10 నిమిషాలు ప్రయాణిస్తే, అక్కడ అదే రోజు ఉదయం 9.40 అవుతుంది. రెండు గడియారాల తేడానే ప్రయాణకాలమనుకొంటే 3 గంటల 40 నిమిషాలని పొరబడతారు.

తరగతిలో ఈ విషయాన్ని గ్లోబు, దారంతో పరీక్షించవచ్చు. దారం ఒక కొనను కృష్ణపట్నం వద్ద, రెండవ కొనను చికాగో వద్ద అదిమిపట్టి బిగువుగా లాగాలి. దారం తనంతట తానే ధ్రువం వైపుకు జరిగి దగ్గరి దారిని చూపుతుంది.