కిటికీకి ఎంత నలుపు కావాలి? సూరత్ ఎండలో సన్ ఫిల్మ్ లెక్కలు

ఎండలు ముదరగానే చాలామందికి తోచే చవకైన ఉపాయం కిటికీ అద్దాలకు ఫిల్మ్ అతికించడం. దుకాణంలో రెండు మూడు రకాలు చూపిస్తారు. ఎంత నల్లగా ఉంటే అంత వేడిని ఆపుతుందని అనుకుని అన్నిటికంటే ముదురుగా ఉన్నదాన్ని తెచ్చుకుంటాం. మే నెలలో గది కాస్త చల్లబడినట్టే అనిపిస్తుంది. జూన్ దాటి మబ్బులు కమ్ముకున్నాక మాత్రం అదే గదిలో పట్టపగలే లైటు వేసుకోవాల్సి వస్తుంది. కర్టెన్‌ను పక్కకు జరపవచ్చు గానీ అద్దానికి అతికిన ఫిల్మ్‌ను జరపలేం. అందుకే ఫిల్మ్‌ను మే నెలను చూసి కాక, ఏడాది మొత్తాన్ని చూసి ఎంచుకోవాలి. ఆ ఎంపికకు రంగు కంటే పనికొచ్చేవి రెండు: కిటికీ ఉన్న దిక్కు, ఫిల్మ్ వివరాల పత్రంలోని అంకెలు.

ఈ విషయాన్ని గుజరాత్‌లోని సూరత్ నగరం ఉదాహరణగా చూద్దాం. మరమగ్గాల (సాంచాల) పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో అక్కడి లింబాయత్ వంటి ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. చీరలకు లేసు కుట్టడం, రాళ్లు అతికించడం వంటి పనులను ఇంట్లోనే చేసుకునే మహిళలు ఆ నగరంలో చాలామంది ఉన్నారు. అలాంటి ఇంటికి ఎండ ఎంత ఇబ్బందో, వెలుతురు అంత అవసరం.

ఏడాది పొడవునా ఒకేలా ఉండని వాతావరణం

సూరత్ అరేబియా సముద్రానికి దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో, తాపీ నది ఒడ్డున ఉంది. మే నెలలో అహ్మదాబాద్‌లో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 42 డిగ్రీల దగ్గర ఉంటే, సముద్రపు గాలి వల్ల సూరత్‌లో అది 36 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు వరకు వానలు, మబ్బులు. అక్టోబరులో మళ్లీ కొన్నాళ్లు ఎండ. జనవరి రాత్రుల్లో 15 డిగ్రీల వరకు తగ్గే హాయైన చలి. అంటే ఫిల్మ్ నిజంగా కావలసింది ఏడాదిలో నాలుగైదు నెలలు. మిగతా కాలమంతా అది వెలుతురును ఎక్కువగా మింగకుండా ఉంటే చాలు.

ఎండలో ఏముంది?

సూర్యుడి నుంచి నేలకు చేరే శక్తిలో అతినీలలోహిత కిరణాల వాటా దాదాపు 5 శాతం. కంటికి కనిపించే కాంతి 45 శాతం వరకు, కంటికి కనిపించని పరారుణ కిరణాలు 50 శాతం వరకు ఉంటాయి. మామూలు తెల్ల అద్దం ఈ మూడింటిలో చాలా భాగాన్ని లోపలికి వదిలేస్తుంది. లోపలికి వచ్చిన ఎండ నేలకు, మంచానికి, గోడకు తగిలి వేడిగా మారుతుంది. ఆ వస్తువులు తిరిగి వెలువరించే దీర్ఘ తరంగాల వేడిని మాత్రం అద్దం నేరుగా బయటకు పోనివ్వదు. లోపలివైపు కర్టెన్ వేసినా గది వేడెక్కేది అందుకే. ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది.

ఒక చిన్న లెక్క చూద్దాం. 1.5 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు ఉన్న పడమటి కిటికీ వైశాల్యం 1.8 చదరపు మీటర్లు. ఏప్రిల్ నెలాఖరులో సాయంత్రం నాలుగున్నరకు ఆకాశం నిర్మలంగా ఉంటే, ఆ కిటికీ మీద చదరపు మీటరుకు సుమారు 600 వాట్ల ఎండ పడుతుంది. తెల్ల అద్దం అందులో 85 శాతం వేడిని లోపలికి చేరుస్తుందనుకుంటే, గదిలోకి వచ్చేది దాదాపు 920 వాట్లు. ఒక చిన్న రూమ్ హీటర్ వేసినట్టే. బయట 38 డిగ్రీలు, లోపల 28 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ తేడా వల్ల అదే అద్దం గుండా ప్రసరించే వేడి మాత్రం 100 వాట్లకు కాస్త ఎక్కువ. మనం ఆపవలసింది ప్రధానంగా నేరుగా పడే ఎండను. ఎండే పడని కిటికీకి ఫిల్మ్ వేస్తే పోయేది వెలుతురు, ఖర్చయ్యేది డబ్బు. వేడి విషయంలో తేడా దాదాపు ఉండదు.

నలుపు కొలమానం కాదు

ఫిల్మ్ వివరాల పత్రంలో చూడవలసిన మొదటి అంకె వీఎల్‌టీ. కనిపించే కాంతిలో ఎంత శాతం లోపలికి వస్తుందో ఇది చెబుతుంది. రెండోది ఎస్‌హెచ్‌జీసీ. ఎండలోని మొత్తం వేడిలో ఎంత భాగం గదిలోకి చేరుతుందో ఇది 0 నుంచి 1 వరకు ఉండే అంకెలో చెబుతుంది. తెల్ల అద్దానికి ఇది 0.85 దగ్గర ఉంటుంది. కొన్ని కంపెనీలు దీనికి బదులు టీఎస్‌ఈఆర్ అని ఇస్తాయి. అది ఆగిపోయిన వేడి శాతం. ఎస్‌హెచ్‌జీసీ 0.45 అంటే టీఎస్‌ఈఆర్ 55 శాతం.

ఇప్పుడు రెండు ఫిల్ములను పోల్చుదాం. మొదటిది నల్లటిది, వీఎల్‌టీ 15 శాతం, ఎస్‌హెచ్‌జీసీ 0.40. రెండోది లేత రంగుది, వీఎల్‌టీ 50 శాతం, ఎస్‌హెచ్‌జీసీ 0.45. పైన చెప్పిన కిటికీకి మొదటిది వేస్తే 432 వాట్లు, రెండోది వేస్తే 486 వాట్లు లోపలికి వస్తాయి. తేడా 54 వాట్లు. వెలుతురు మాత్రం రెండోదానితో మూడు రెట్లకు పైగా ఎక్కువ. రంగు అద్ది నల్లగా చేసిన ఫిల్మ్ ఎండను ప్రధానంగా పీల్చుకుంటుంది. పీల్చుకున్న వేడిలో కొంత అద్దం నుంచి మళ్లీ గదిలోకే వస్తుంది. ఎండను వెనక్కి తిప్పికొట్టే పొర, లేదా పరారుణ కిరణాలను మాత్రమే ఎంచి ఆపే పొర ఉన్న ఫిల్మ్ లేతగా కనిపించినా ఎక్కువ పని చేయగలదు.

‘97 శాతం వేడిని ఆపుతుంది’ అనే ప్రకటనను కూడా జాగ్రత్తగా చదవాలి. ఆ అంకె సాధారణంగా పరారుణ కిరణాలకు, అందులోనూ ఒక చిన్న భాగానికి మాత్రమే వర్తిస్తుంది. దుకాణంలో ఎర్ర హీట్ ల్యాంప్ ముందు ఫిల్మ్ పెట్టి చేయి చాపమంటారు. చేతికి వేడి తగలదు, నిజమే. కానీ ఆ దీపం వెలువరించేది దాదాపు అంతా పరారుణమే. ఎండలో అది సగమే. అందువల్ల దీపం ముందు గెలిచిన ఫిల్మ్ ఎండలో కూడా అంతే గెలుస్తుందని అనుకోకూడదు. అడగవలసింది టీఎస్‌ఈఆర్ లేదా ఎస్‌హెచ్‌జీసీ.

కిటికీ ఏ దిక్కున ఉంది?

సూరత్ దాదాపు 21.2 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై, కర్కట రేఖకు దక్షిణాన ఉంది. కాబట్టి మే చివరి వారంలో ఒకసారి, జూలై మధ్యలో మరోసారి మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెంటి మధ్య కొద్దిగా ఉత్తరానికి జరుగుతాడు. దీని ప్రభావం ఒక్కో దిక్కుకు ఒక్కోలా ఉంటుంది.

దక్షిణం కిటికీ: ఎండాకాలంలో దీని మీద నేరుగా ఎండ పడేది చాలా తక్కువ. 60 సెంటీమీటర్ల సన్‌షేడ్ (సజ్జ) ఉంటే మార్చి 21న మధ్యాహ్నం 1.5 మీటర్లకు పైగా నీడ దిగుతుంది. అక్టోబరు మధ్యలోనూ మీటరు వరకు నీడ ఉంటుంది. డిసెంబరులో సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి కింది భాగం నుంచి ఎండ లోపలికి వస్తుంది. చలికాలంలో ఆ ఎండ హాయిగానే ఉంటుంది. సజ్జ ఉన్న దక్షిణం కిటికీకి సాధారణంగా ఫిల్మ్ అక్కర్లేదు.

పడమర కిటికీ: అసలు సమస్య ఇక్కడే. ఏప్రిల్ సాయంత్రం నాలుగున్నరకు సూర్యుడు 35 డిగ్రీల ఎత్తుకు దిగిపోతాడు. అప్పుడు అదే 60 సెంటీమీటర్ల సజ్జ నీడ 40 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. పైగా సూరత్ దేశానికి పడమటి అంచున ఉండటంతో విశాఖపట్నం కంటే అక్కడ సూర్యుడు గడియారం ప్రకారం దాదాపు 42 నిమిషాలు వెనక నడుస్తాడు. మే నెలలో సాయంత్రం ఏడు దాటినా ఎండ ఇంకా కిటికీలోనే ఉంటుంది. ఫిల్మ్‌కు డబ్బు పెట్టదలిస్తే మొదట ఇక్కడే పెట్టాలి.

తూర్పు కిటికీ: ఇక్కడా ఎండ ఏటవాలుగానే పడుతుంది, కానీ ఉదయం గాలి ఇంకా చల్లగా ఉంటుంది. ఉదయం పూట ఎక్కువగా వాడే గది అయితేనే ఫిల్మ్ గురించి ఆలోచించండి.

ఉత్తరం కిటికీ: దీన్ని అలాగే వదిలేయండి. ఇంట్లో అందరికంటే మెత్తటి వెలుతురు ఇచ్చేది అదే. సూది పనికి, పిల్లల చదువుకు సరిపడే చోటు కూడా అదే.

వెలుతురుకు కనీస హద్దు

ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) 2018లో నివాస భవనాల కోసం ‘ఎకో నివాస్ సంహిత’ తెచ్చింది. బయటి గోడల వైశాల్యంలో కిటికీ అద్దాల వాటా 30 శాతం లోపు ఉంటే ఆ అద్దం వీఎల్‌టీ కనీసం 27 శాతం ఉండాలని అది చెబుతుంది. మన ఇళ్లలో చాలావాటికి అద్దాల వాటా ఇంతకంటే తక్కువే. ఈ నియమం పెద్ద స్థలాల్లో కట్టే కొత్త భవనాలకు సంబంధించినదే అయినా, పాత ఇంటికి ఫిల్మ్ కొనేటప్పుడు కూడా దీన్ని హద్దుగా పెట్టుకోవచ్చు. ఇంట్లో చేతి పని జరిగే గదికి 40 నుంచి 50 శాతం ఉన్నది మేలు.

అద్దానికే రంగు ఉంటే మరో జాగ్రత్త. 50 శాతం కాంతిని వదిలే గోధుమరంగు అద్దానికి 50 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 25 శాతమే. వివరాల పత్రంలోని అంకెలు సాధారణంగా తెల్ల అద్దం మీద కొలిచినవని గుర్తుంచుకోవాలి.

చీర, జరీ, ఫిల్మ్: ఒకే పదార్థం

సన్ ఫిల్మ్‌కు ఆధారం పాలిస్టర్ పొర. దాని మీద రంగు, పలుచని లోహపు పూత, లేదా సిరామిక్ రేణువుల పూత ఉంటుంది. సూరత్ మగ్గాల మీద నేసే పాలిస్టర్ చీరకూ ఇదే పదార్థం మూలం. లోహపు పూత వేసిన పాలిస్టర్ పొరను సన్నని పోగులుగా కోస్తే అది చవక రకం జరీ అవుతుంది. అద్దానికి అతికిస్తే ఎండను తిప్పికొట్టే ఫిల్మ్ అవుతుంది.

చీరలు వెలిసిపోకుండా ఫిల్మ్ కాపాడుతుందా? కొంతవరకే. మంచి ఫిల్మ్ అతినీలలోహిత కిరణాలను 99 శాతం వరకు ఆపుతుంది. అయితే రంగు వెలవడానికి కనిపించే కాంతి, వేడి కూడా కారణాలే. కిటికీ పక్కన బట్టలు పరిచి ఉంచితే ఫిల్మ్ ఉన్నా కాస్త ఆలస్యంగా వెలుస్తాయి, అంతే.

అతికించే ముందు

లోహపు ఫిల్మ్ పగలు బయటివారికి అద్దంలా కనిపించి లోపలి మనుషులను దాచుతుంది. రాత్రి లైటు వేస్తే లోపలిదంతా బయటికి కనిపిస్తుంది, కర్టెన్ తప్పదు. ఇలాంటి ఫిల్మ్ మొబైల్ సిగ్నల్‌ను కూడా కొంత తగ్గించవచ్చు.

ఎండను పీల్చుకునే ఫిల్మ్ వేస్తే అద్దం మధ్యభాగం బాగా వేడెక్కుతుంది. ఫ్రేములో దాగిన అంచు మాత్రం చల్లగానే ఉంటుంది. ఆ తేడాకు మామూలు అద్దం పగలవచ్చు. రంగు అద్దాలకు, అంచులు చిట్లిన పాత అద్దాలకు, రెండు పొరల అద్దాలకు ఈ ప్రమాదం ఎక్కువ. అలాంటి వాటికి ముదురు ఫిల్మ్ వద్దు.

అతికించిన తర్వాత లోపల మిగిలిన నీటి తేమ ఆరడానికి కొన్ని వారాలు పడుతుంది. వానాకాలంలో ఇంకా ఆలస్యం అవుతుంది కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలలు అనువైనవి. మొదటి నెల అద్దం కడగవద్దు. ఆ తర్వాత కూడా అమ్మోనియా ఉన్న ద్రావణాలు, గరుకు పీచు వాడవద్దు. వీలైతే ముందుగా ఒక్క రెక్కకు నమూనా ముక్క పెట్టించి, వారం రోజులు వెలుతురు సరిపోతోందో లేదో చూసి నిర్ణయించుకోండి.

ఫిల్మ్ పనికిరాని చోటు

తెరిచిన కిటికీలో ఫిల్మ్ ఏ పనీ చేయదు. సాయంత్రం సముద్రపు గాలి కోసం తలుపులు బార్లా తీసే ఇంట్లో, అద్దం కంటే బయట వేలాడే వెదురు తడకే ఎక్కువ ఉపయోగం. అది ఎండను అద్దం దాకా రానివ్వదు, గాలిని వదులుతుంది, వానాకాలంలో చుట్టి పైకి కట్టేయవచ్చు.

రేకుల ఇల్లు, పై అంతస్తు గది విషయం వేరు. సూర్యుడు నడినెత్తిన ఉండే చోట ఎండ ఎక్కువగా పడేది పైకప్పు మీదే. అక్కడ కిటికీలన్నిటికీ ఫిల్మ్ వేసినా కప్పు నుంచి దిగే వేడి తగ్గదు. ముందు కప్పుకు సున్నం లేదా తెల్లని కూల్ రూఫ్ పూత వేయాలి, లేదా గుజరాత్ డాబాల మీద కనిపించే తెల్ల పెంకుల చైనా మొజాయిక్ పరిపించాలి.

కాబట్టి ఖర్చుకు వరుస ఇది: మొదట కప్పు, తర్వాత పడమటి కిటికీకి బయట నీడ, అది కుదరని చోట ఆ ఒక్క కిటికీకే వీఎల్‌టీ 40 శాతానికి తగ్గని, ఎస్‌హెచ్‌జీసీ 0.45 చుట్టుపక్కల ఉన్న ఫిల్మ్. దుకాణంలో ఈ రెండు అంకెలు రాసి ఉన్న కాగితం చూపించమని అడగండి. చూపించలేకపోతే మరో దుకాణం చూడండి.